బడి ఆటస్థలం జమా ఖర్చులు, "ఇసకలో పోసిన లక్ష" సంగతి కూడా

ఊళ్లో ఉన్నవాళ్లకి, ఊరి బయట ఉన్నవాళ్లకి అందరికీ నమస్కారం. ప్రైమరీ స్కూలు ఆవరణలో ఉయ్యాలలు, జారుడుబల్లలు పెట్టిస్తామని మీ దగ్గర డబ్బులు తీసుకున్నాం, పనయిపోయింది, పిల్లలు ఆడుకుంటున్నారు, లెక్క చెప్పడం మాత్రం నెల రోజులు లేటయింది. రెండు బిల్లులు చేతికి రాక ఆగాం, వేరే కారణం ఏం లేదు. ఈలోపు టీ కొట్టు దగ్గర "లక్ష రూపాయలు ఇసకలో పోశారంట" అని ఒక మాట నడుస్తోంది. ఆ మాట నిజమే. కరెక్టుగా చెప్పాలంటే కాంక్రీటుతో కలిపి లక్షా ఐదు వేలు. ఎందుకు పోశామో చెప్తాను, ముందు జమ చూడండి.

ఇంటింటికీ తిరిగి రసీదు పుస్తకాల మీద వసూలైంది, ఊళ్లోవాళ్లు ఫోన్‌పే చేసింది కూడా కలిపి 1,12,350. మన బళ్లో చదువుకుని హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో ఉంటున్నవాళ్లు పంపింది 2,05,000. విదేశాల్లో ఉన్నవాళ్లు 1,40,000. పేరు చెప్పొద్దన్న ఒక పెద్దాయన 50,000. వినాయక చవితి లడ్డూ వేలంలో మిగిలిన 36,000 ఉత్సవ కమిటీ వాళ్లు మనకే ఇచ్చేశారు. పాత ఉయ్యాల స్టాండు తుక్కు కింద అమ్మితే 2,960, బ్యాంకు వడ్డీ 1,184. మొత్తం జమ 5,47,494 రూపాయలు.

విదేశాల డబ్బు గురించి ఒక మాట. అమెరికాలో ఉన్న ఇద్దరు ముగ్గురు "మా డబ్బులు ఎందుకు వెనక్కి పంపారు" అని బాధపడ్డారు. బాబూ, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అక్కడి సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం అది చట్టం లెక్కలో విదేశీ విరాళం, మన ఊరోడే అయినా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఉయ్యాల కోసం పోయి కేసుల్లో ఇరుక్కోవడం ఎందుకని వెనక్కి పంపాం, మనసులో పెట్టుకోకండి. అలాగే ఇన్‌కంటాక్సు తగ్గింపుకి పనికొచ్చే 80జీ సర్టిఫికెట్ అడిగారు కొంతమంది, మనది రిజిస్టరైన ట్రస్టు కాదు, ఇవ్వలేం.

ఇంక ఖర్చు. పరికరాలకి జీఎస్టీతో కలిపి 3,02,500. ఇందులో రెండు జారుడుబల్లలు, ఎక్కడానికి మెట్లు, నిచ్చెన, పైన గొడుగు ఉన్న పెద్ద సెట్టు 1,86,000, ఒక్కోదానికి రెండు సీట్లు ఉన్న ఉయ్యాల స్టాండ్లు రెండు 58,000, సీసాలు (ఇద్దరు చెరో చివర కూర్చుని పైకీ కిందకీ ఊగే బల్లలు) రెండు 27,000, రంగులరాట్నం 31,500.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 2,24,000, ఒకటి మనం తీసుకున్నది, ఇంకోటి 4,36,000. ఆ మూడోది ఫొటోలో చూసినవాళ్లందరూ అదే కావాలన్నారు, రాకెట్ బొమ్మ, గొట్టంలో నుంచి తిరుగుతూ జారే బల్ల, నిజంగానే బావుంది. కానీ అది కొంటే చేతిలో 1,11,494 మిగులుతుంది, లారీ, ఫిట్టింగు, కాంక్రీటు, ఇసక కలిపి మనకి అయింది 1,42,500. అంటే ఏదో ఒకటి ఎగ్గొట్టాలి, ఎగ్గొట్టేది ఎప్పుడూ ఇసకే. పైగా దాని ప్లాట్‌ఫారం ఏడడుగుల ఎత్తు. అమెరికాలో ప్రభుత్వ సేఫ్టీ కమిషన్ పబ్లిక్ ఆటస్థలాల కోసం ఒక హ్యాండ్‌బుక్ పెట్టింది, అందులో ఏ ఎత్తు నుంచి పడితే పిల్లలకి పెద్ద దెబ్బ తగలకుండా కింద ఏది ఎంత మందం ఉండాలో టేబుల్ ఉంది, తొమ్మిదంగుళాల ఇసక నాలుగడుగుల ఎత్తుకే పనికొస్తుందని రాసుంది. మన సెట్టు ప్లాట్‌ఫారం సరిగ్గా నాలుగడుగులు. పిల్లలు తొక్కీ తొక్కీ ఇసక పక్కలకి పోతుంది కాబట్టి మేం అడుగు మందం పోయించాం. ఏడడుగుల నుంచి మన బడి గట్టి నేల మీద పడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

చవకది ఎందుకు వద్దన్నాం అంటే, మనది చీరాల బాపట్ల మధ్య ఊరు, సముద్రం కూతవేటు దూరం. మన కిటికీ ఊచలు ఎన్నేళ్లు బతుకుతాయో మీకే తెలుసు. ఆ 2,24,000 కొటేషన్‌లో పైపు ఎంఎస్, అంటే మామూలు ఇనుము, పైన పౌడర్ కోటింగు. కోటింగు మీద గీత పడిన రోజునుంచీ ఉప్పుగాలి లోపలికి పోతుంది, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల పైపు పొరలు పొరలుగా లేస్తుంది. మనకి తెలిసిన ఒక టౌన్లో పార్కు చూడ్డానికి పోయాం (పెట్రోలు ఎవరిది వాళ్లదే, లెక్కలో లేదు), అక్కడ ఉయ్యాల స్టాండు కాలు నేలలో కలిసే చోట బొటనవేలితో నొక్కితే పెళ్లలు ఊడొచ్చాయి. పైన మాత్రం ఎర్రరంగు నిగనిగలాడతానే ఉంది.

జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము అని చెప్పేవాళ్లలో కూడా రెండు రకాలు. ముందే జింకు పూసిన పైపు కొనుక్కొచ్చి కోసి వెల్డింగు పెడితే ఆ వేడికి అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డింగు అంతా అయిపోయాక మొత్తం ఫ్రేమును కరిగిన జింకు తొట్టిలో ముంచి తీస్తే అతుకులకి కూడా పడుతుంది. సేల్స్ అబ్బాయిని "ముంచేది వెల్డింగుకి ముందా తర్వాతా" అని అడిగితే ముగ్గురిలో ఒక్కడే తడుముకోకుండా చెప్పాడు, ఆర్డరు అతనికే ఇచ్చాం. ఫ్యాక్టరీకి ఇద్దరం పోయి చూసే వచ్చాం, మాట మీద నమ్మి కాదు.

జారుడుబల్ల ఫైబర్‌దా ప్లాస్టిక్‌దా అని కమిటీలో పెద్ద గొడవే అయింది. ఫైబర్ చవక, గట్టిగా కూడా అనిపిస్తుంది, కానీ పైపొర అరిగాక సన్న గాజు నూలు బయటికి వస్తుంది, పిల్లలు తొడలు గోక్కుంటారు. అందుకని అచ్చులో తిప్పి పోసే మందం ప్లాస్టిక్, ఎండకి పెళుసెక్కకుండా మందు కలిపింది తీసుకున్నాం. ప్లాస్టిక్కైనా రోళ్లు పగిలే ఎండలో కాలుతుంది, అందుకే జారే మొహం ఉత్తరానికి తిప్పి వేపచెట్టు నీడ పడేలా పెట్టించాం. "వాస్తు చూశారా" అని ఒకాయన మెచ్చుకున్నారు కూడా, సరే అన్నాం.

సర్టిఫికెట్ల దగ్గర ఒకళ్లు మమ్మల్ని బోల్తా కొట్టించబోయారు. ఐఎస్‌ఐ మార్కు ఉందని కాగితం చూపించారు, నంబరు చూస్తే ఐఎస్ 9873 నాలుగో భాగం. అది ఇళ్లల్లో ఒకరిద్దరు పిల్లలు వాడుకునే ఉయ్యాలలకి, జారుడుబల్లలకి, బడికీ పార్కుకీ కాదు. పబ్లిక్ వాడకానికి ఎక్కువమంది అడిగేది యూరప్ వాళ్ల ఈఎన్ 1176, కింద నేల మెత్తదనానికైతే ఈఎన్ 1177. ఇది హెచ్‌ఎం గారు పట్టుకున్నారు, మేమైతే మార్కు చూసి తలూపేసేవాళ్లం.

ఇంకో ముఖ్యమైంది, సందులు. మూడున్నర అంగుళాలకీ తొమ్మిది అంగుళాలకీ మధ్య ఏ సందు ఉన్నా ప్రమాదం, పిల్లాడి ఒళ్లు దూరిపోతుంది, తలకాయ ఇరుక్కుంటుంది, కాళ్లు గాల్లో వేలాడతాయి. మన సెట్టు పిట్టగోడ ఊచల మధ్య నాలుగున్నర అంగుళాలు వచ్చింది, టేపు పెట్టి చూపించి మధ్యలో ఒక్కో ఊచ అదనంగా వేయించాం, దానికి వాళ్లు డబ్బులు తీసుకోలేదు. ఉయ్యాల గొలుసు కొక్కేలు కూడా పూర్తిగా మూయించాం, ఆడపిల్లల చున్నీ అంచు తగులుకుంటే లాగేస్తుంది. టీచర్లకి, తల్లులకి విన్నపం, ఆటకి పంపేటప్పుడు చున్నీ, ఐడీ కార్డు తాడు తీసేసి పంపండి.

లారీ కిరాయి, దించడం కలిపి 19,500. ఫిట్టర్లకి 18,000. ఫిట్టర్లు వచ్చాక చూస్తే బోల్టులు ఒక సంచి తక్కువ, గొడుగు రంగు మనం చెప్పింది కాదు. బోల్టులు రావడానికి మూడు వారాలు పట్టింది, అందుకే అప్పట్లో "సామాను వచ్చి పడుంది, బిగించట్లేదు" అని అందరూ తిట్టారు. పరికరాల కంపెనీకి ఇవ్వాల్సిన ఆఖరి 30,000 బోల్టులన్నీ వచ్చాకే ఇచ్చాం. గొడుగు రంగు వదిలేశాం.

కాంక్రీటు 41,600. మొత్తం ఇరవై ఒక్క గుంట, ఒక్కోటి రెండడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. కంపెనీ డ్రాయింగులో దీనికంటే చిన్న గుంటే ఉంది, కానీ మనది ఇసక నేల, పట్టు ఉండదు, పెద్ద పిల్లలు ఇద్దరు నిలబడి ఊగితే స్టాండు కదులుతుందని మేస్త్రీ అన్నాడు, ఆయన మాటే విన్నాం. సిమెంటు 46 బస్తాలు 17,020, కంకర, ఇసక 9,580, మేస్త్రీ కూలీలు 15,000.

ఇప్పుడు ఆ ఇసక గుంత. 63,400. జేసీబీ 9,000, చుట్టూ ఇటుక కట్టు 16,000, ఇసక పన్నెండు ట్రాక్టర్లు 38,400. "ఇసక ఫ్రీ కదా" అన్నారు. 2024 నుంచి ఇసక ఫ్రీనే, లోడింగూ ట్రాక్టరూ ఫ్రీ కాదు. "పక్కనే సముద్రం పెట్టుకుని డబ్బులిచ్చి ఇసక తోలిస్తారా" అన్నారు. ఒడ్డున ఇసక తవ్వడం సీఆర్‌జెడ్ (సముద్రతీరం కాపాడే) రూల్స్ ప్రకారం కుదరదు, కుదిరినా ఆ ఉప్పు పోయి మనం జింకులో ముంచి తెచ్చుకున్న కాళ్లని పట్టుకుంటుంది. రబ్బరు టైల్స్ వేయొచ్చు, అదీ అడిగాం, ఆ ఏరియా మొత్తానికి మన జమ అంతా పెట్టినా చాలదు.

కంచె, గేటు 28,900. రాత్రిపూట కుక్కలు, గేదెలు ఇసకలోకి రాకుండా. రసీదు పుస్తకాలు, జిరాక్సులు, కూలీలకి టీ టిఫిన్లు 4,870.

ఇంక 7,200, ఇది పూర్తిగా మా తప్పు. ఉయ్యాల కడ్డీ ఎనిమిదడుగుల ఎత్తు, ముందూ వెనకా దానికి రెట్టింపు, అంటే పదహారేసి అడుగులు ఖాళీ వదలాలి. రెండో స్టాండు పెట్టేటప్పుడు మేం గోడ నుంచి కొలవకుండా మొదటి స్టాండు వరసలో అందంగా ఉంటుందని పెట్టించేశాం, తర్వాత కొలిస్తే గోడకి పదడుగులే ఉంది. పగలగొట్టి జరిపించాం. ఈ డబ్బు కమిటీ వాళ్లం తలా కొంత వేసుకుందామని ఒకరన్నారు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు, కాబట్టి ఖర్చులోనే రాశాం, మీకు అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

మొత్తం ఖర్చు 4,85,970. మిగులు 61,524, అందులో బ్యాంకులో 58,310, చేతిలో 3,214. ఇది ఎవరికీ తిరిగి పంచడం లేదు. గొలుసులు, సీసా బుష్‌లు, రాట్నం బేరింగు అరిగేవే, ఇసక ఏటా ఒకటి రెండు ట్రాక్టర్లు వేయాల్సిందే. ఖాతా మీద హెచ్‌ఎం గారు, పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ గారు, మాలో ఒకరు, ముగ్గురూ సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. ప్రారంభోత్సవం షామియానా, స్వీట్లు దీన్లోవి కావు, అవి పెట్టినవాళ్లే పెట్టుకున్నారు.

బిల్లుల ఫైలు హెచ్‌ఎం గారి బీరువాలో ఉంది, బడి టైములో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇంకొక్కటి, ఫోన్‌పేలో 1,001 రూపాయలు ఒకటి పడింది, పేరు చోట "అమ్మ" అని మాత్రమే ఉంది, మేమందరం ఎవరి ఫోన్లో వాళ్లం వెతుక్కున్నాం, ఎవరిదో దొరకలేదు. ఊళ్లో వసూళ్లలోనే రాశాం, రసీదు రాసి పెట్టి ఉంది. ఎవరిదైతే వాళ్లు వచ్చి తీసుకెళ్లండి.