మడత స్ప్రే బూత్‌లో బిగించిన ఫ్యాన్ గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: మడత స్ప్రే బూత్ కిట్‌లోని ఫ్యాన్ మోటారు థిన్నర్ పనికి సురక్షితం కాకపోవడం, గాలి ప్రవాహం మీరు చెప్పినంత లేకపోవడం.

అయ్యా,

నేను చెక్క సామాను తయారుచేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. కోత, చిత్రిక, పాలిష్ అన్నీ ఒకే గదిలో జరగాలి. పాలిష్ ఉన్న రోజు నిలబెట్టుకుని, పని అయ్యాక మడిచి గోడకు చేర్చుకోవచ్చని, పాలిష్ తుంపరను ఫ్యాన్‌తో బయటికి లాగే మీ బూత్ కొన్నాను. చట్రం గట్టిగానే ఉంది. ఇద్దరం కలిస్తే పావుగంటలో నిలబడుతోంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా వెనక గోడలో మీరు బిగించిన ఫ్యాన్ గురించే.

కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో "అన్ని రకాల పాలిష్‌లకూ, లాకర్‌లకూ అనువైనది" అని అచ్చువేశారు. లాకర్ అంటే థిన్నర్ అనే ద్రావకంతో పలచన చేసి కొట్టే మెరుపు పూత. ఫిల్టర్ మార్చడానికి జాలీ విప్పి చూస్తే, గాలి బయటికి పోయే దారి నడుమనే మోటారు కనిపించింది. ఒంటినిండా గాలి రంధ్రాలున్న మామూలు సింగిల్ ఫేజ్ మోటారు. ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే లోపల సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉందని చెప్పాడు. మోటారు వేసిన ప్రతిసారీ, వేగం అందుకోగానే ఆ స్విచ్ విడిపోతుంది. విడిపోయేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది.

ఈ సంగతి ఫోనులో చెబితే మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు నన్ను నిజంగా భయపెట్టింది. ఫ్యాన్‌కు ముందు ఫిల్టర్ ఉంది కాబట్టి మోటారుకు రంగు తగలదని ఆయన అన్నారు. రంగు తగలదు, ఒప్పుకుంటాను. కానీ ఫిల్టర్ పట్టేది తుంపరను మాత్రమే. థిన్నర్ ఆవిరి అందులోంచి నేరుగా దాటి, ఆ మోటారు ఒంటిని రాసుకుంటూ బయటికి పోతుంది. లాకర్ థిన్నర్లలో తరచుగా ఉండే టోలీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకోగల ఆవిరిని వదులుతుంది. అసిటోన్‌కైతే సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్నా చాలు. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున పాకి పేరుకుంటుంది. పాలిష్ కొట్టే స్ప్రే గన్ కడగడానికి ఫ్యాన్ ఆపి, కాసేపటికి మళ్లీ వేసే క్షణాన్ని ఒక్కసారి ఊహించండి. బూత్‌లో ఆవిరి నిలిచి ఉండేదీ, మోటారులో రవ్వ పుట్టేదీ సరిగ్గా అప్పుడే. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు రోజూ నిలబడేది అక్కడే.

ఇక గాలి ప్రవాహం. బూత్ ముఖద్వారం 2.1 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. దాని దగ్గర గాలి వేగం సెకనుకు 0.5 మీటరు ఉంటుందని రాశారు. ఆ లెక్కన ఫ్యాన్ సెకనుకు 2.2 ఘనపు మీటర్ల గాలిని లాగాలి. ఫ్యాన్ మీద అతికించిన చీటీలో ఉన్నది 1.5. అదీ అడ్డేమీ లేనప్పటి లెక్క. మీ రెండు అంకెలే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కొత్త ఫిల్టర్ పెట్టి, తొమ్మిది చోట్ల గాలి వేగం కొలిస్తే సగటు 0.2 వచ్చింది. తుంపర బయటికి పోకుండా గాల్లోనే తేలి, తడి పాలిష్ మీద గరుకుగా వాలింది. రెండు బీరువా తలుపులు మళ్లీ సాండ్‌పేపర్ పట్టాల్సి వచ్చింది. ఆ నష్టం నేను భరించగలను, దానికి పరిహారం అడగడం లేదు.

నేను అడిగేది ఈ ఫ్యాన్‌ను మార్చమని. మోటారు గాలి దారికి బయట ఉండి బెల్టుతో తిరిగేదైనా, ఆవిరి ఉన్న చోట వాడటానికి ధ్రువీకరించిన ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారైనా (లోపలి నిప్పు బయటి ఆవిరికి అంటుకోనివ్వనిది) ఇవ్వండి. రెక్కలు రవ్వలు రాల్చనివై ఉండాలి. ఫిల్టర్ అడ్డున్నా 0.5 మీటరు వేగం వచ్చేలా దాని పరిమాణం ఎంచండి. ప్లాస్టిక్ షీట్ల మీద స్థిరవిద్యుత్తు పేరుకుంటుంది కనుక లోహపు చట్రానికి ఎర్త్ తీగ కూడా జతచేయండి. ఇవి కుదరకపోతే కిట్ వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగి చెల్లించండి.

పుస్తకంలోని ఆ వాక్యాన్ని మాత్రం వెంటనే తొలగించాలి. ఇప్పటికే కొన్నవారందరికీ ఈ ఫ్యాన్‌తో థిన్నర్ కలిసినవేవీ కొట్టవద్దని రాతపూర్వకంగా తెలపాలి. నేను ప్రస్తుతానికి నీటితో కలిపే పాలిష్‌లే వాడుతున్నాను. మిగతావారికి ఈ సంగతి తెలియదు.

మోటారు ఫొటోలు, కొలతల కాగితం, బిల్లు నకలు జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కిట్ కొనుగోలుదారు