ఆదివారం బందరు ప్రయాణం

అందరికీ నమస్కారం. బందరుకి మన ఆరుగురి కోసమే ఒక కారు, ఒక లోకల్ గైడ్ మాట్లాడాను. ఉదయం 6 గంటలకల్లా బెంజ్ సర్కిల్ దగ్గర ఉండండి. గైడ్ గారు బందరులో కలుస్తారు.

ముందు బందరు కోట, డచ్చివాళ్ల సమాధులు. ఎండెక్కితే అక్కడ నిలబడలేం. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఈ రేవులోనే వ్యాపారం మొదలుపెట్టింది, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. సమాధి రాళ్ల మీది అక్షరాలు, చిహ్నాలు తీరిగ్గా చూడండి, చేత్తో మాత్రం తడమొద్దు. 1864 ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయిన ఊరు ఇది. ఆ సంగతి గైడ్ గారు చెప్పేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి విందాం, నా మనవి.

తర్వాత పెడన. కలంకారీ అద్దకం చూడ్డానికి రెండు గంటలైనా కావాలి. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ మీద, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో అచ్చు వేయగానే నలుపు తేలుతుంది. దగ్గరుండి చూడాల్సిందే! బేరం మరీ గట్టిగా ఆడకండి, అది చేతి పని.

సాయంత్రం మంగినపూడి బీచ్. నీళ్లలోకి లోతుగా వెళ్లొద్దు. వచ్చేటప్పుడు బందరు లడ్డు కొనుక్కుందాం.

టోపీ, మంచినీళ్లు మర్చిపోకండి. పెద్దమ్మకి ముందు సీటు ఉంచాను. రాలేనివాళ్లు శుక్రవారం లోపు చెప్పండి.