మెనాషే గురించి రవికి

సత్తెనపల్లి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అమ్మకి కూడా చదివి వినిపించాను. పాప బడికి ఏడవకుండా వెళ్తోందని రాశావు కదా, ఆవిడ సంతోషానికి హద్దు లేదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి తప్ప కొత్త టెన్షన్లేమీ లేవు. ఇంటి సంగతులు ఈసారికి ఇంతే. ఎందుకంటే కొన్ని నెలలుగా ఒక మనిషి గురించి చదువుతున్నాను, ఆయన్ని నీకు పరిచయం చెయ్యకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన పేరు మెనాషే బెన్ ఇస్రాయెల్. పదిహేడో శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న రబ్బీ, అంటే యూదుల మతగురువు. సెఫార్డీ యూదుడు, అంటే పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ దేశాలవాళ్ళు. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్ళగొట్టింది. 1497లో పోర్చుగల్ వాళ్ళకి బలవంతంగా బాప్తిస్మం ఇప్పించింది. ఆ తర్వాత తరాల తరబడి ఎన్నో కుటుంబాలు పైకి క్రైస్తవులుగా, ఇంట్లో యూదులుగా బతికాయి. పట్టుబడితే ఇంక్విజిషన్ అనే చర్చి విచారణ కోర్టు వాళ్ళ చెర, చిత్రహింస, ఒక్కోసారి మంట. మెనాషే తండ్రి లిస్బన్‌లో ఆ హింస అనుభవించినవాడే. 1604లో పుట్టిన ఈ పిల్లవాడికి పెట్టిన పేరు మనోయెల్ దియాస్ సోయెరో. వింటే పోర్చుగీసు క్రైస్తవుడి పేరే అనుకుంటాం. ఆమ్‌స్టర్‌డామ్ చేరి ధైర్యంగా ఊపిరి పీల్చుకున్నాక తండ్రి యోసేపు అని పేరు మార్చుకున్నాడు. కొడుకుల్ని మెనాషే, ఎఫ్రాయిము అన్నాడు. బైబిల్లో యోసేపు కొడుకుల పేర్లూ అవే. పేరు దాచుకుని బతికిన తండ్రి కడుపున పుట్టినవాడు జీవితమంతా ఏం చేశాడో చూడు, నాకు ఈ కథలో అసలు సంగతి అదే.

చదువులో చురుకు. గురువు ఐజాక్ ఉజియెల్ 1622లో చనిపోతే, పద్దెనిమిదేళ్ళకే నెవె షాలోమ్ సమాజానికి ఈయనే రబ్బీ అయ్యాడు. పోర్చుగీసు భాషలో ఆయన ప్రసంగాలు వినడానికి క్రైస్తవ పండితులు కూడా వచ్చేవారు. 1626లో ప్రెస్సు పెట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే మొదటి హీబ్రూ ప్రెస్సు. 1627 మొదట్లోనే ఒక ప్రార్థనల పుస్తకం అచ్చయి బయటికి వచ్చింది. దీని విలువ మనకి వెంటనే తట్టదు రా. ఆ ఊరికి వస్తున్నవాళ్ళలో చాలామందికి తాతల కాలం నాటి ప్రార్థనలు రావు, హీబ్రూ అక్షరాలు రావు. ఇంట్లో పుస్తకం ఉంటేనే ప్రాణం మీదికొచ్చే దేశంలో పెరిగారు మరి. అలాంటివాళ్ళకి తమ పుస్తకం తమ చేతికి వచ్చిందంటే ఎలా ఉంటుందో ఆలోచించు. వాళ్ళ కోసమే ‘కొన్సిలియాదోర్’ అనే పెద్ద గ్రంథం స్పానిష్‌లో రాశాడు. బైబిల్లో ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి చెప్పినట్టు కనిపించే వాక్యాలన్నీ తీసుకుని, వాటికి పొంతన కుదురుస్తూ పోతాడు. మొదటి భాగం 1632లో వచ్చింది. తర్వాత 1651లో ఆత్మ గురించి, పునర్జన్మ గురించి హీబ్రూలో ఇంకో గ్రంథం రాశాడు.

ఇంత చేసినా సొంత సమాజంలో ఆయనకి దక్కిన స్థానం చిన్నది. 1639లో ఆ ఊళ్ళోని మూడు యూదు సమాజాలూ ఒక్కటైనప్పుడు నలుగురు రబ్బీల్లో ఈయన్ని మూడోవాడిగా పెట్టారు. పెద్ద రబ్బీ మోర్టెయిరాకి ఏడాదికి 600 గిల్డర్లు, ఈయనకి 150. తల్ముదు అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథం లోతుల్లో మోర్టెయిరాకి సాటిరాడని వాళ్ళ లెక్క. అదే నిజం అనుకుందాం. అయినా 150 చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ మరుసటేడు పెద్దలతో గొడవై ఒక రోజు వెలి కూడా వేశారు. బ్రెజిల్ వెళ్ళిపోదామని కూడా అనుకున్నాడు.

బయటివాళ్ళు మాత్రం వెతుక్కుంటూ వచ్చేవారు. పేరుమోసిన డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు ఆ వీధుల్లోనే. 1655లో మెనాషే రాసిన ఒక చిన్న పుస్తకానికి రెంబ్రాంట్ నాలుగు బొమ్మలు చెక్కి ఇచ్చాడు. బైబిల్లోని బెల్షస్సరు రాజు విందులో గోడ మీద చెయ్యి రాసే బొమ్మ ఒకటి రెంబ్రాంట్ వేసింది ఉంది, చూశావా? మీ లండన్ నేషనల్ గ్యాలరీలోనే ఉంటుంది. అందులో హీబ్రూ అక్షరాలు పక్కకి కాకుండా పైనుంచి కిందికి ఉంటాయి. ఆ రాతని రాజు కొలువులో ఎవరూ ఎందుకు చదవలేకపోయారో చెప్పడానికి సరిగ్గా ఆ అమరికే మెనాషే 1639 పుస్తకంలోనూ కనిపిస్తుంది.

ఇక ఇంగ్లండ్ సంగతి. 1644లో మాంటెజినోస్ అనే ప్రయాణికుడు దక్షిణ అమెరికా నుంచి వచ్చి, అక్కడి కొండల్లో యూదుల ప్రార్థన చేసే జనాన్ని చూశానని ఒట్టు పెట్టి చెప్పాడు. ఇశ్రాయేలు గోత్రాల్లో చెదిరిపోయినవాళ్ళే వాళ్ళని చాలామంది నమ్మారు. మెనాషే ఆచితూచి మాట్లాడాడు గానీ, దాని మీదే 1650లో ‘ఇశ్రాయేలు నిరీక్షణ’ అనే పుస్తకం తెచ్చాడు. యూదులు భూమి నలుమూలలా చెదిరాకే విమోచన వస్తుందని ఆయన నమ్మకం. 1290లో రాజు వెళ్ళగొట్టినప్పటి నుంచీ ఇంగ్లండ్‌లో యూదులకి చోటు లేదు. అందుకే లాటిన్ ప్రతిని ఇంగ్లీషు పార్లమెంటుకే అంకితం చేశాడు.

1655 సెప్టెంబరులో కొడుకు సామ్యూల్‌ని వెంటబెట్టుకుని లండన్‌లో దిగాడు. అప్పుడు ఇంగ్లండ్‌ని ఏలుతున్న క్రామ్‌వెల్‌కి ఒక విన్నపం ఇచ్చాడు. యూదుల వల్ల దేశానికి లాభం, వాళ్ళు నమ్మకస్తులు, మర్యాదస్తులు అని అందులో ఉదాహరణలతో చెప్తాడు. లోకంలో యూదులున్న చోట్లు చెప్తూ మన కొచ్చిని కూడా తలుచుకుంటాడు, అక్కడ నాలుగు సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, ఉన్నాయని. మనుషుల్ని ఉండనివ్వండి అని అడగడానికి ముందుగా లాభం లెక్క చూపించాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపించింది. డిసెంబరులో వైట్‌హాల్‌లో సభ పెట్టారు. యూదులు రాకూడదనే చట్టమేదీ లేదని జడ్జిలు చెప్పారు. వ్యాపారులు, పాదిరీలు గట్టిగా అడ్డుపడ్డారు. నిర్ణయం లేకుండానే క్రామ్‌వెల్ సభ ముగించేశాడు.

అప్పుడు పాత నిందలన్నీ మళ్ళీ లేచాయి, క్రైస్తవ పిల్లల్ని చంపి రక్తం వాడతారనే దారుణమైన అబద్ధంతో సహా. దానికి జవాబుగా 1656లో ఆయన రాసిన చిన్న పుస్తకం ‘విండిసియే జుడెయోరం’. అందులో దేవుడి మీద ఒట్టు వేసి చెప్తాడు, మా జనంలో ఇలాంటి ఆచారం నేను ఎన్నడూ చూడలేదు, వాళ్ళు ఎన్నడూ ఇలాంటిది చెయ్యలేదు అని. ఒక పెద్ద పండితుడు అంతటి నింద ముందు నిలబడి ప్రమాణం చెయ్యాల్సి రావడం చదివి, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

అసలు లండన్‌లో అప్పటికే కొద్దిమంది సెఫార్డీ వర్తకులున్నారు. స్పానిష్ కాథలిక్కులమని చెప్పుకుంటూ, రాయబారి ఇంటి ప్రార్థనలకి వెళ్తూ గుట్టుగా బతికేవాళ్ళు. 1656 మార్చిలో వాళ్ళలో ఆరుగురు మెనాషేతో కలిసి క్రామ్‌వెల్‌కి అర్జీ పెట్టారు: ఇళ్ళలో ప్రార్థన చేసుకోనివ్వండి, చనిపోతే పూడ్చుకోవడానికి చోటివ్వండి అని. యూదులమని సంతకాలు పెట్టారు, యూదు పేర్లతో. ఆ ఏడాది చివరికల్లా మీ ఆల్డ్‌గేట్ ఆఫీసుకి దగ్గర్లోని క్రీచర్చ్ లేన్‌లో ఒక ఇల్లు ప్రార్థనకి తీసుకున్నారు. మరుసటేడు మైల్ ఎండ్‌లో శ్మశానం. 1701లో కట్టిన బెవిస్ మార్క్స్ సినగాగ్ ఇప్పటికీ నడుస్తోంది. మధ్యాహ్నం భోజనం తర్వాత అటు నడిచి చూడరా, నీకు పది నిమిషాలు కూడా పట్టదు.

దీనంతటికీ కారణం వర్తకుల డబ్బు, పలుకుబడే గానీ మెనాషే కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాళ్ళు అన్నేళ్ళూ గుట్టుగానే ఉన్నారు కదా. బయటి ఊరి నుంచి వచ్చి, సొంత పేరు వేసి అచ్చు కొట్టించి, నేను యూదుణ్ణి అని చెప్పిన మనిషి పక్కన నిలబడ్డాకే వాళ్ళూ సంతకం పెట్టగలిగారు.

ఆయన మాత్రం ఓడిపోయాననే అనుకున్నాడు. అడిగింది బహిరంగమైన అనుమతి, అది రాలేదు. ఏడాదికి 100 పౌండ్ల పింఛను రాశారు గానీ చేతికి ఒక్క పౌండూ రాలేదు. పెద్ద కొడుకు అంతకు ముందే పోలండ్‌లో పోయాడు. 1657 సెప్టెంబరులో సామ్యూల్ కూడా లండన్‌లో చనిపోయాడు. కొడుకు శవంతో హాలండ్‌కి ప్రయాణమైన తండ్రి ఇల్లు చేరలేదు. నవంబరు 20న మిడిల్‌బర్గ్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు. ఔడర్‌కెర్క్‌లో సమాధి ఉంది.

ఇంకో సంగతి చెప్తే ఎగిరి గంతేస్తావు. లండన్‌లో అలా నిలదొక్కుకున్న సెఫార్డీ వర్తకులు తర్వాత పగడాలు, వెండి మద్రాసుకి పంపి గోల్కొండ వజ్రాలు కొన్నారు. జాక్ ద పాయివా అనే ఆయన మద్రాసులోనే స్థిరపడి 1687లో అక్కడే పోయాడు. గోల్కొండ వజ్రాలంటే కృష్ణ ఒడ్డున మన బెల్లంకొండ వైపు కొల్లూరు గనులవి కూడా కదా, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నవి. ఆ మద్రాసు వర్తకుల గురించి ఏం దొరుకుతుందో చదవడం మొదలుపెట్టాను. తెలిసింది వచ్చే ఉత్తరంలో రాస్తాను. నువ్వు బెవిస్ మార్క్స్ చూసి ఎలా అనిపించిందో రాయి. చెల్లెమ్మని, పాపని అడిగానని చెప్పు.

నీ
సుబ్బు