జాబితాలో దోమతెర ఉంది, ర్యామ్ లేదు

సంపాదకులు గారికి,

అయ్యా,

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖరారు కాగానే శ్రీకాకుళం పట్టణంలోని కంప్యూటర్ దుకాణాలకు పల్లెల నుంచి తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని రావడం ఏటా చూస్తున్నదే. నిరుడు వారిలో నేనూ ఒకణ్ణి. మా మనవడికి సివిల్ శాఖలో సీటు వచ్చింది. హాస్టల్‌కు బకెట్, దోమతెర, తాళంకప్పతో సహా ఏమేం తెచ్చుకోవాలో జాబితా రాసి ఇచ్చిన కళాశాలవారు కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి 'ఒక ల్యాప్‌టాప్' అని రాసి ఊరుకున్నారు.

ఆ రెండు మాటలు పట్టుకుని దుకాణానికి వెళ్లాం. 'ఐ5 అండీ, నాలుగేళ్లూ ఢోకా ఉండదు' అంటూ వాడినదాన్ని బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్ ఒకటి చూపించారు. పాతదని తెలిసే కొన్నాం కానీ ఎంత పాతదో అడగాలని మాకు తోచలేదు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ చిప్‌కు ఇంటెల్ కంపెనీ పెట్టే పేరులో ఐ5 తరువాత ఉండే 6300యు అన్న సంఖ్యలో మొదటి 6 ఆరో తరానికి గుర్తనీ, ఆ ప్రాసెసర్ 2015 నాటిదనీ, విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తుందనీ, విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయనీ కొన్న తరువాతే తెలిసింది. పదో తరం నుంచి మొదటి రెండంకెలు చూడాలి. 1235యు అంటే పన్నెండో తరం. ఇప్పుడు 'కోర్ అల్ట్రా' వంటి కొత్త పేర్లు వచ్చి ఈ లెక్క కూడా మారిపోయింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి అయినా ఈ అంకెల ముందు తెల్లమొహం వేశానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

అసలు చిక్కు ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ దగ్గర వచ్చింది. విద్యార్థులకు ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది కానీ, ఇటీవలి వెర్షన్లకు కనీసం 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ), సాఫీగా సాగాలంటే 32 జీబీ ఉండాలని తయారీదారులే చెబుతున్నారు. తెర కూడా 1920x1080 పిక్సెళ్లు (చుక్కలు) ఉండాలి. మేం కొన్నదానిలో ర్యామ్ 4 జీబీ, తెర 1366x768. ర్యామ్ పెంచుకోవచ్చు, ఫైళ్లు దాచే హార్డ్ డిస్క్ తీసి, అంతకన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే పాత యంత్రానికి కొంత ప్రాణం వస్తుంది. కానీ తెరను, ప్రాసెసర్‌ను ఏం చేస్తాం? కొన్ని కొత్త పలుచని మోడళ్లలోనైతే ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు కనుక కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. మొదటి ఏడాది సీ, పైథాన్ ప్రోగ్రాములు రాసుకునే పిల్లలకు 8 జీబీ సరిపోతుంది. అదే పిల్లవాడు తరువాత ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్ తెర మీదే నడిచే నమూనా ఫోన్) నడపాలంటే 16 జీబీ కావాలి. శాఖను బట్టి, సంవత్సరాన్ని బట్టి అవసరం మారుతుందన్న ఈ సంగతి తెలిసినవారు కళాశాలలో అధ్యాపకులే తప్ప దుకాణదారు కాదు, తండ్రి అంతకన్నా కాదు.

నరసన్నపేటలో డీటీపీ పని చేసే నా పూర్వ విద్యార్థి ఒకడు ల్యాప్‌టాప్ జోలికే పోకుండా పెద్ద తెర ఉన్న డెస్క్‌టాప్, ఒక యూపీఎస్ పెట్టుకున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు కూర్చే పనికి అదే సుఖం, ఏ భాగం పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే 2018 తిత్లీ తుపానుకు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవారు బ్యాటరీ ఉన్న యంత్రం కావాలంటే కాదనలేం.

అందుచేత నా విన్నపం ఒక్కటే. శాఖలవారీగా కనీస ప్రాసెసర్ తరం, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, తెర కొలతలను ప్రతి కళాశాలా ఒక కాగితం మీద తెలుగులో రాసి, ప్రవేశాల రోజునే తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి. దుకాణదారులు బిల్లుపై 'ఐ5 ల్యాప్‌టాప్' అని సరిపెట్టకుండా పూర్తి మోడల్ సంఖ్య, ప్రాసెసర్ సంఖ్య వేయాలి. మా బిల్లు మీద ఆ వివరాలేవీ లేకపోవడంతో తిరిగి అడగడానికి కూడా మాకు ఆధారం లేకపోయింది. ప్రస్తుతం మా మనవడు డ్రాయింగులన్నీ కళాశాల ల్యాబులోనే వేసుకుంటున్నాడు. దాన్ని సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా.