రోజుకొక్క చిత్రం

సంపాదకులకు నమస్కారం.

ఇంటిపని, పిల్లల చదువులు, తీరిక దొరికితే మిద్దెతోట, కుట్టుపని ఉన్న నేను ఈ ఏడాది రోజుకొక ఫొటో తప్పక తీయాలని నియమం పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి ఇంట్లో తీయదగినదేదీ మిగల్లేదనిపించింది. అయినా మానకూడదన్న పట్టుదల వల్లనే, మా అత్తమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే కిటికీలోంచి ఏటవాలుగా పడే పొద్దుటి వెలుతురులో లేచే పిండిని ఇన్నేళ్లలో మొదటిసారి సరిగా చూడగలిగాను. నడినెత్తి ఎండ ముఖాల మీద గట్టి నీడలు వేస్తుంది కనుక ఉదయ, సాయంత్రాల వెలుగే మేలని కూడా అనుభవంతో తెలిసింది.

మా నల్లగొండ పక్కనే పానగల్లులో, పగలంతా గర్భగుడిలో స్తంభపు నీడ నిలిచి ఉండే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. వెలుతురు పోకడ గమనించాలనుకునే పిల్లలకు అంతకంటే మంచి బడి నాకు తోచడం లేదు. సెలవురోజున మా పిల్లలను అక్కడికి తీసుకెళ్తే, ఎప్పుడూ ఫోన్‌లో ఆటలాడే చిన్నవాడు ఆ నీడను తీయడానికే గంటసేపు కూర్చున్నాడు.

ఆగస్టు 19న వచ్చే ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నుంచి, పాఠకులు తమ ఇళ్లలో, ఊళ్లలో తీసిన ఒక్క చిత్రానికి జిల్లా పేజీలో ప్రతిరోజూ చోటు కేటాయించాలని మనవి.

– ఒక గృహిణి, నల్లగొండ