గొర్రెల కాపరులు చెప్పే పేర్లు కూడా రాసిపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

నేను స్కాట్లాండ్‌లో, పెర్త్‌షైర్ కొండల మధ్య ఒక పారిష్‌లో ఇళ్లకు వెళ్లి వైద్యసేవ చేసే నర్సును. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే పల్లెలు, పొలాలు, కొండలు కలిసిన పాత విభాగం. పాలనలో ఇప్పుడు దానికి పనేమీ లేదు, పాత రికార్డులు మాత్రం దాని పేరు మీదే ఉన్నాయి.

ఇక్కడి పెద్దవాళ్లు దారి చెబితే రోడ్డు నంబరు చెప్పరు. ఫలానా మడుగు దాటాక, ఫలానా రాతిగోడ దగ్గర తిరగమంటారు. ఏటిలో సాల్మన్ చేపలు పట్టే మడుగులకు పేర్లున్నాయి, పొలాలకు ఉన్నాయి, ఒకప్పుడు వేసవిలో పశువులను తోలుకెళ్లిన కొండమీది గుడిసెల మొండిగోడలకూ ఉన్నాయి. వీటిలో చాలా పేర్లు ఏ మ్యాప్‌లోనూ లేవు. పొలం అమ్మి ఒక కుటుంబం పట్నం వెళ్లిపోతే ఆ పేర్లు పలికేవాళ్లే ఉండరు. చూస్తుంటే చాలా బాధగా ఉంది.

పూర్వం ఎవరూ పట్టించుకోలేదని కాదు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు మ్యాపులు గీసేటప్పుడు పేర్లను 'నేమ్ బుక్స్'లో రాశారు. పెర్త్‌షైర్‌వి 1859–62 నాటివి. పేరు, దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారు, ఎవరు చెప్పారు, ఆ చోటు ఎలా ఉంటుంది, అన్నిటికీ విడివిడిగా గళ్లున్నాయి. వాలంటీర్ల పుణ్యమా అని ఇప్పుడు ఆన్‌లైన్‌లో చదవచ్చు. నాకు అవంటే ఎంతో ఇష్టం. కానీ 'ఎవరు చెప్పారు' అన్న గడిలో ఎక్కువగా భూస్వామి, పాస్టరు, బడిపంతులు, పెద్ద రైతు కనిపిస్తారు. కాపరులు, ఆడవాళ్లు అరుదు. పొలాల పేర్లయితే దాదాపు రాయనే లేదు.

ఆ లోటు ఇప్పుడైనా తీర్చాలి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైట్‌లో పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. మైలుకు ఆరంగుళాల చొప్పున గీసినవి కాబట్టి గోడలు కూడా కనిపిస్తాయి. ఆ షీటు ప్రింట్ తీసి టేబుల్ మీద పరిస్తే పెద్దవాళ్లు వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకుపోతారు. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయాలి, ముఖ్యంగా ఇక్కడి పాత భాష గేలిక్‌లో ఉన్న పేర్లను. స్పెల్లింగ్ తర్వాత చూసుకోవచ్చు. మ్యాప్ మీద చోటును గుర్తించే గ్రిడ్ రిఫరెన్స్‌ను రెండు అక్షరాలు, ఆరు అంకెలతో రాస్తే చోటు వంద మీటర్ల చదరంలో తేలుతుంది. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ రాయాలి. ఒకే చోటుకు ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచాలి. ఏది సరైనదో తేల్చడం మన పని కాదు.

ఇది స్థానికులే చేయాల్సిన పని అనుకోవద్దు. బయటివాళ్లం కాబట్టి మనకు మొదటి నుంచీ విడమర్చి చెబుతారు. స్కాట్లాండ్ పల్లెల్లో ఉన్న తెలుగువాళ్లు, ముఖ్యంగా నాలాగా వైద్యంలో ఉన్నవాళ్లు, డ్యూటీలో మాత్రం కాదు, సెలవు రోజున ఊరి చరిత్ర సంఘం వాళ్లతో కలిసి వెళ్లండి. మంద అమ్మేసి పని మానేసిన కాపరులను ముందు అడగండి.

— ఒక నర్సు, పెర్త్‌షైర్, స్కాట్లాండ్