ఆదివారం ఉదయం 6 గంటలకు దేవీచౌక్

అందరికీ నమస్కారమండి.

మన రాజమండ్రిలో సైకిల్ లేన్ (రోడ్డు మీద సైకిళ్లకే విడిగా దారి) కావాలా వద్దా అని గ్రూపులో తెగ వాదించుకుంటున్నాం. ఫోన్లో తేలేది కాదు, రోడ్డు మీదే చూద్దాం.

ఆదివారం ఉదయం 6కి దేవీచౌక్ నుంచి కోటిపల్లి బస్టాండ్ దాకా. సైకిళ్ల మీదే.

టేపు ఉన్నవాళ్లు తెండి. రోడ్డు వెడల్పు ఎంత, అందులో పార్కింగ్ తినేస్తున్నది ఎంత, రాసుకుందాం.

లేన్ వద్దనేవాళ్లు తప్పకుండా రండి, ముఖ్యంగా షాపులున్నవాళ్లు. "ఉన్న రోడ్డే చాలట్లేదు" అన్నది కొట్టిపారేసే మాట కాదు. కానీ ఒక కారు ఆపే చోట దాదాపు పది సైకిళ్లు పడతాయి, అదీ చూడాలి కదండీ.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో పైన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. వ్యాయామానికి బ్రహ్మాండం. కూరగాయలకెళ్లే మనిషికి మాత్రం బజారు దారిలోనే లేన్ కావాలి. అదీ ఒట్టి తెల్లగీత గీసి వదిలేస్తే మర్నాటికి బైకులు పెట్టేస్తారు. మధ్యలో దిమ్మెలు ఉండాల్సిందే.

2027 గోదావరి పుష్కరాల్లోపే లేన్ కోసం అర్జీ ఇద్దాం.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడ పేరు పెట్టండి. హెల్మెట్, నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. తర్వాత పెసరట్టు ఉప్మా, ఎవరి బిల్లు వాళ్లదే 😄